మట్టి ట్రాక్ మీద మన పిల్లలు

ఖరగ్‌పూర్ తెలుగు పెద్దలకు, తల్లులకు, రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన అన్నదమ్ములకు నమస్కారం.

మోటోక్రాస్ అంటే గుంతలూ దిబ్బలూ ఉన్న మట్టి ట్రాక్ మీద బైకు రేసు. అందులో కష్టపడేది ఇంజినే, మనిషి కూర్చుని హ్యాండిల్ తిప్పితే చాలు అనుకుంటారు చాలామంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కో రేసు 30 నిమిషాలు, ఆపైన రెండు ల్యాపులు. అలాంటివి ఒకే రోజు రెండు. రైడరు సీటు మీద కూర్చునేది తక్కువ, ఫుట్‌పెగ్‌ల మీద లేచి నిలబడేది ఎక్కువ. దిబ్బ మీంచి ఎగిరి నేలకు దిగినప్పుడు ముందు ఫోర్కు సుమారు 30 సెంటీమీటర్ల దాకా కుంగి ఆ దెబ్బను మింగుతుంది. అది మింగలేనిది మోకాళ్లు, నడుము, భుజాలు మోయాలి. గుండె రేసంతా దాదాపు దాని గరిష్ఠ వేగంలోనే కొట్టుకుంటుంది. హ్యాండిల్ బిగించి పట్టీ పట్టీ ముంజేతి కండరాలు ఉబ్బి గట్టిపడతాయి, వేళ్లు మొద్దుబారతాయి, బ్రేకు మీద పట్టు తప్పుతుంది. రైడర్లు దీన్ని ఆర్మ్ పంప్ అంటారు. ఊపిరి, పట్టు, కాళ్ల బలం లేని కుర్రాడికి ఎంత ఖరీదైన బండి కొనిచ్చినా లాభం లేదు.

ఈ ఆట పాతుకున్న దేశాల్లో పసిపిల్లలు 50 సీసీ బండితో మొదలుపెడతారు. తర్వాత 65, 85, 125. ఒళ్లూ బండీ కలిసి పెరుగుతాయి. మన దగ్గర కుర్రాడికి మొదటి బండి దొరికేది కాలేజీలో, దాని బలం చూసుకునేది నడిరోడ్డు మీద. ఆ రోడ్డు ఎందరు తల్లులకు కడుపుకోత మిగిల్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా మనవాళ్లు చేసి చూపించారు. బెంగళూరు సి.ఎస్. సంతోష్ మోటోక్రాస్ నుంచే ఎదిగి, 2015లో, రోజుల తరబడి ఎడారుల్లో సాగే డకార్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. స్థానం 36. 2021లో అదే ర్యాలీలో, సౌదీ ఎడారిలో పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలింది, డాక్టర్లు కోమాలో ఉంచాల్సి వచ్చింది. ఇది దాచి పిల్లల్ని ఈ ఆటకు పిలవడం నాకు ఇష్టం లేదు. షోరనూర్ కుర్రాడు హరిత్ నోవా 2024 డకార్‌లో ర్యాలీ 2 విభాగం గెలిచాడు. సంతోష్ కోలారు దగ్గర, మన చిత్తూరు పొలిమేరకు ఎంతో దూరం కాని చోట, మట్టి ట్రాకుతో శిక్షణ కేంద్రం పెట్టాడు. ఆయన గెలుపుల కన్నా నేను దీన్నే పెద్దగా లెక్కిస్తాను.

ఎందుకంటే పేదింటి బిడ్డకు ముందు కావాల్సింది నేర్పే చోటు. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడా అమ్మాయి మాలావత్ పూర్ణను చూడండి. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. గురుకుల పాఠశాల ఆమెను భువనగిరి గుట్ట ఎక్కించింది, మన ఈ బెంగాల్‌లోని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. ఆ గురుకులమే లేకపోతే ఆ పిల్ల కాళ్లలో ఎంత సత్తా ఉందో ఎవరికి తెలిసేది?

క్రికెటర్ ధోనీ ఈ ఊళ్లో టికెట్ కలెక్టరుగా చేసిన రోజులు మీలో చాలామందికి గుర్తే. క్రికెట్‌కు అలాంటి ఉద్యోగాలిచ్చే రైల్వే స్పోర్ట్స్ కోటా ఉంది, మోటోక్రాస్‌కు లేదు. కానీ మనకు ఎర్రమట్టి నేల ఉంది. ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పగల ఫిట్టర్లు ఇంటింటా ఉన్నారు. ఈ ఆటలో రైడరు ఎంతో మెకానిక్కూ అంతే.

నేను అడిగేది కంచె వేసిన రెండెకరాలు, పాతవైనా సరే నాలుగు చిన్న బండ్లు, హెల్మెట్లు, ఛాతీ కవచాలు, నెక్ బ్రేసులు, ప్రాక్టీసు జరిగినంతసేపూ పక్కనే ఒక అంబులెన్సు. మొదటి మూడు నెలలు పిల్లలు ఇంజిను స్టార్టు చెయ్యరు. పరుగు, ఈత, తాడాట, బండి విప్పి బిగించడం, అంతే. ఆడపిల్లలకూ ఇదే పాఠం. శిక్షణ బాధ్యత నాది. స్థలం సంగతి మాట్లాడగలిగిన పెద్దలు, పిల్లల పేర్లు రాయించదలచిన తల్లిదండ్రులు సభ అయ్యాక వేదిక దగ్గరికి రండి. ఈలోగా, ఎవరికైనా భయం ఉంటే ఇప్పుడే అడగండి.