పాతాళజలమునకు పట్టాదారెవ్వరు?
(కంగ్టి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఊరి చేతిపంపు ఎండిపోయి, ప్రక్క చేనిలోని బోరునీరు ట్యాంకరుల కెక్కుచుండగా, పంచాయతీవారు "నేల అతనిది, మనమేమి చేయగలము?" అని చేతులు ముడుచుకొందురు. ఈ మాట ఎచ్చటినుండి వచ్చినదో నేడు మనము విచారింపవలెను.

ఇది ఇంగ్లండునుండి దిగుమతియైన ధర్మము. బ్రాడ్‌ఫర్డు పట్టణపు ఊటలకు పోవు నీటిని పికిల్సు అను భూస్వామి తన నేలలో త్రవ్వి మళ్లింప బూనెను. పట్టణమువారు తన భూమిని అధికమూల్యమున కొనవలెననియే అతని యెత్తుగడ యని వారు మొఱపెట్టుకొనిరి. 1895లో ప్రభువులసభ వారు, ఉద్దేశము దుష్టమైనను హక్కు హక్కేయని తీర్పు చెప్పిరి! మన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టపు 7వ సెక్షనులోని ఉదాహరణము కూడ, నిర్ణీతమైన కాలువగా పాఱని భూగర్భజలమును తన హద్దులలో తోడుకొనుట భూస్వామి హక్కే యనుచున్నది. నేల లేని కూలివానికి ఈ లెక్కను నేలక్రింది నీటిలో చుక్కయైనను లేదు.

ఆ కాలమున మోటబావికి ఎద్దుల బలమే హద్దు. ఎద్దులు అలసిన నీరు మిగిలెడిది. నేడు బోరు వందల అడుగులు దిగుచున్నది. 2018 జనవరి 1 నుండి మన రాష్ట్రమున సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. మోటారునకు విశ్రాంతి కరవైనది. రైతును నిందించుట మా తాత్పర్యము కాదు. అప్పు చేసి నాలుగు బోర్లు వేసి, నాలుగింటను దుమ్మే చూచినవారు ఈ సభలోనే కలరు. సేద్యమునకు తోడుట వేఱు, ఊరి గొంతెండగా అమ్ముకొనుట వేఱు.

న్యాయస్థానములు ఏకాభిప్రాయముతో లేవు. 2002లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రొయ్యల చెఱువుల వ్యాజ్యమున, లోతైన భూగర్భజలము ప్రజల పక్షమున ప్రభుత్వము ధరించు న్యాసమనియు, భూస్వామికి వాడుకొను హక్కు మాత్రమే కలదనియు పలికెను. కేరళలోని ప్లాచిమడ గ్రామమున కోకా కోలా కర్మాగారముపై పెరుమట్టి పంచాయతీ వ్యాజ్యమాడగా, 2003 డిసెంబరులో ఏకన్యాయమూర్తి ఆ జలము ప్రజలదే యనెను. 2005లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని త్రోసిపుచ్చి, దినమునకు 5 లక్షల లీటర్లు తోడుకొనుట కనుమతించెను. కర్మాగారము మాత్రము 2004లోనే మూతపడియుండెను. 2017లో సుప్రీముకోర్టునందు కంపెనీ దానిని తిరిగి నడుపబోమని చెప్పుటతో వ్యాజ్యము ముగిసెను. అసలు ప్రశ్న అట్లే మిగిలెను. గెలుపో ఓటమియో తేలకుండనే ముగిసిన వ్యాజ్యములు మా వృత్తిలో అరుదు కావు గాని, ఇంత పెద్ద ప్రశ్న ఇట్లు జాఱిపోవుట విచారకరము.

అయినను మన చేతిలో ఆయుధము లేకపోలేదు. 2002 నాటి వాల్టా చట్టము తెలంగాణమునకును వర్తించుచున్నది. దాని ప్రకారము ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేనిదే క్రొత్త బావి త్రవ్వరాదు. ఈ సంగతి రిగ్గుబండి ఊరిలోనికి వచ్చునాటికే మనకు తెలిసియుండవలెను. గొట్టము దిగిన పిదప తగవులాడిన సాక్ష్యము దొరకుట దుర్లభము. గనుక ప్రతి పంచాయతీయు తన త్రాగునీటి బోర్ల లోతును, చుట్టునున్న బోర్ల దూరమును టేపుతో కొలిచి, గ్రామసభ యెదుట పుస్తకమున నెక్కింపవలెను. వేసవిలో నీటిమట్టమును నెలనెల వ్రాయింపవలెను. అనుమతి లేని బోరు కనబడిన, ఆనాడే తహసీల్దారు కచేరీలో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు నిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదు కోర్టున నిలువదు.

దరఖాస్తు వ్రాయుటకు సహాయము కోరువారు ఆదివారము ప్రొద్దున ఇచ్చటికే రావచ్చును. వచ్చునపుడు సర్వేనంబరును, కొలిచిన దూరమును తెచ్చుట మఱువకుడు.