మత్తు వార్తల్లో మనకు చెప్పనిది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను నా ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. పంపులు, పైపుల సంగతి ఎవరికి కావాలి చెప్పండి! బడిపిల్లలకు సంబంధించిన మాట ఒకటి చెబుతాను.

2017 జులై గుర్తుందా? హైదరాబాద్ డ్రగ్స్ కేసులో మొదట బయటపడింది బడిపిల్లలకు మత్తుమందు చేరుతోందన్న సంగతి. కొద్దిరోజులకే సినిమావాళ్ల పేర్లు వచ్చాయి. ఇక సిట్ ఆఫీసు ముందు కెమెరాలే కెమెరాలు. ఎవరు ఎన్ని గంటలు లోపలున్నారో అంతా లైవ్. ఆ పిల్లలేమయ్యారు, వాళ్లకు వైద్యం అందిందా అని అడిగినవాళ్లు తక్కువ.

2021 అక్టోబరులో ముంబయి ఓడ కేసు కూడా అంతే. షారుఖ్ ఖాన్ కొడుకు అరెస్టు రోజులకొద్దీ మోగింది. 2022 మేలో తగిన సాక్ష్యాలు లేవని ఎన్‌సీబీయే అతని పేరును ఛార్జిషీటులో చేర్చలేదు. దానికి అంత హడావిడి లేదు.

2019లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. గంజాయి, భంగు కలిపి వాడేవారు 3 కోట్ల పైచిలుకు. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఇది బ్రేకింగ్ న్యూస్ కాదు పాపం.

మా సైట్ సూపర్‌వైజర్ కొడుకు డిగ్రీలో గంజాయికి అలవాటుపడ్డాడు. తండ్రి ఆరు నెలలు ఆసుపత్రి గడప తొక్కలేదు. "పోలీసులకు చెబుతారేమో సార్. రేపు టీవీలో మొహానికి గుడ్డ కట్టి నిలబెడతారు" అన్నాడు. ఆ దృశ్యం రోజూ చూస్తున్నాడు మరి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడి మీద వాడకం కేసో, కొద్దిపాటి సరుకు కేసో పడినా, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో పూర్తి చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. ఈ మాట ఆయన ఏ ఛానల్లోనూ వినలేదు. నేను చెబితే కాగితం మీద రాసిమ్మన్నాడు. ఆ వారమే కొడుకును తీసుకెళ్లాడు. అబ్బాయి ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. మధ్యలో ఒకసారి మళ్లీ జారాడు కూడా.

మా వృత్తిలో పంపు ఆగితే కారణం వెతుకుతాం. దాని ఫొటో తీసి ఊరంతా తిప్పం.

కమిటీవారికి ఒక మనవి. కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు 14446. మన బడి గేటు దగ్గర ఆ నంబరు, 64ఏ సంగతి రాసిన బోర్డు పెట్టనివ్వండి. ఖర్చు మా బ్యాచ్‌ది.