మట్టిదిబ్బ మీద మొలకలు
(కొండపల్లిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 నేను లేచానంటే డి.ఆర్. బకాయిల గురించే అని మీరు అనుకొని ఉంటారు. ఆ సంగతి కార్యదర్శి గారు చూసుకుంటారు. ఈ పూట నేను మొక్కల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా అమ్మాయి కాపురం సత్తుపల్లిలో. అక్కడ సింగరేణి వారి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. సింగరేణిలో 1975 నుంచి ఈ పద్ధతి వచ్చింది. బొగ్గు మీదున్న మట్టిని, ఇసుకరాయిని తవ్వి పక్కన గుట్టలుగా పోస్తారు. వాటిని ఓబీ గుట్టలంటారు. కొత్తగా పోసిన గుట్టలో కుళ్ళిన ఆకు ఉండదు, నత్రజని దాదాపు ఉండదు, నీరు నిలవదు. ఎండకు రాళ్ళు పెనంలా కాలుతాయి. అలాంటి చోట విత్తనం ఎవరు వేస్తారు?

ముందు గాలి వేస్తుంది. చిన్నప్పుడు మనం ఊది ఎగరేసిన జిల్లేడు దూది గుర్తుందా? అదీ, రెల్లూ, గడ్డి చామంతీ గాలిలో వచ్చి వాలతాయి. వాన నీరు ఇంకే పల్లంలోనూ, గుట్ట అడుగునా ముందు పచ్చబడుతుంది. వాలు మీద మట్టి కొట్టుకుపోతుంది గనుక అక్కడ ఆలస్యం. తరువాత వెంపలి వంటివి వస్తాయి. వెంపలి మొక్కను పీకి మా మనవడికి వేళ్ళ మీద బుడిపెలు చూపించాను. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. ఆకు రాలి, కుళ్ళి, పిడికెడు మన్ను తయారవుతుంది. ఆ పైన పక్షులు రేగు, వేప గింజలు తెచ్చి పడేస్తాయి.

మన పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979లో మొదటి యూనిట్ మొదలైంది. మన దేశపు బొగ్గు కాలిస్తే మూడోవంతుకు పైగా బూడిదే మిగలడం మామూలు. అలాంటి బూడిద చెరువుల అంచున కూడా జమ్ము, రెల్లు తమంత తామే మొలుస్తాయి. వాటి వేళ్ళు బూడిదను పట్టి ఉంచి, గాలికి లేవకుండా చేస్తాయి. అయితే బూడిదలో ఆర్సెనిక్, సీసం వంటివి ఉంటాయి కనుక పచ్చగా ఉంది కదా అని అక్కడ మేకలను మేపరాదు.

మా మనవడు, "తాతయ్యా, ఇంక ఇది అడవే కదా?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం ఉంది.

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక పశువుల కాపరి అర్జీ పెట్టుకున్నాడు. క్వారీకి అడుగుతున్న బంజరులో పొనికి చెట్లున్నాయని దాని సారాంశం. నేను ఆ స్థలం చూడకుండానే, కుర్చీలో కూర్చొని, "ఉపయోగకరమైన వృక్షసంపద లేదు" అని నోటు రాశాను. సంతకాలు పెట్టినవారు పైవారే గాని ఆ వాక్యం నాది. రిటైరయిన తరువాత ఒకసారి ఆ చోటికి వెళ్ళాను. గొయ్యి చుట్టూ రాళ్ళకుప్పలు. వాటి మీద సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఏపుగా పెరిగాయి. దూరం నుంచి అంతా పచ్చదనమే. పొనికి ఒక్కటీ లేదు. మన కొండపల్లి బొమ్మ పుట్టేది ఆ తెల్ల పొనికి కర్రతోనే అని మీకు వేరే చెప్పనక్కరలేదు.

పచ్చబడటం వేరు, అడవి తిరిగి రావడం వేరు. మొదటిది కొన్నేళ్ళలో జరుగుతుంది. రెండోదానికి తరాలు పడుతుంది. అదీ పక్కన తల్లిచెట్లు మిగిలి ఉంటేనే. అందుకే తవ్వేముందు పైమన్నును విడిగా తీసి, పని అయ్యాక తిరిగి పరచాలి. అందులో గింజలు, వేళ్ళు, సూక్ష్మజీవులు ఉంటాయి. పక్కనున్న అడవి ముక్కను తాకకూడదు.

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. మనకు తీరిక ఉంది, అర్జీ రాయడం వచ్చు. అలాంటి సభ జరిగినప్పుడు వెళ్ళి, అక్కడున్న చెట్లను పేరు పేరునా రికార్డు చేయించండి. అయితే వెళ్ళేముందు ఆ స్థలం మీద ఒకసారి నడవండి. నేను నడవలేదు.