మన సీమలోని అపురూప పక్షులు



మన యూరి చెరువుగట్టుపై ఒకనాటి ఉదయమున తెల్లకాకి వ్రాలినదనుకొందము. ఏమి జరుగును? పిల్లలు రాళ్లు పట్టుకొని పరుగెత్తుదురు. ఒకరు కరవునకు సూచన యందురు, మరియొకరు శుభమందురు. వల తెచ్చువాడొకడు బయలుదేరును. నిలిచి చూచువాడు మాత్రము అరుదు. ఆ చూచుటను గురించియే ఈ పూట నాలుగు మాటలు మనవి చేయుదును.

తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందూనది. ఇదియే మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమ. అడవి, మెట్ట, మాగాణి, చెరువు చేరువ చేరువగా నుండుటచే ఇచ్చట పలుజాతుల పక్షులు కలవు. అహోబిలమున గరుత్మంతుడు నృసింహస్వామి దర్శనమునకై తపము చేసెననియు, అందుచే ఆ కొండకు గరుడాద్రి యని పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. అట్టి కొండను కొలుచు మనము పక్షులను ఎఱుగకుండుట తగదు.

వింతరంగు పక్షులు రెండు విధములు. కొన్నిటికి ఆ రంగు సహజము. నల్లమల వాగులయొద్ద తిరుగు తోకపిగిలిపిట్టను చూడుడు. పెంటిపిట్ట ఎఱ్ఱమట్టి రంగున నుండును. పోతుపిట్టయు చిన్నతనమున అదే రంగు. కొన్నియేండ్లు గడచినపిమ్మట దాని మేను తెల్లనై, తల మాత్రము నల్లగా నిలిచి, తోక పొడవైన రిబ్బనువలె వ్రేలాడును. ఎఱుగనివారు ఇవి రెండు జాతులని భ్రమింతురు.

రెండవ విధము తెల్లకాకి వంటిది. ఈకలకు నలుపునిచ్చు పదార్థము పుట్టుకతోనే లోపించుటచే అట్లగును. కన్నులు గూడ ఎఱ్ఱగానున్నచో లోపము సంపూర్ణమని తెలియవలెను. తల్లిదండ్రులు నల్లనివైనను వానియందు దాగియున్న గుణము బిడ్డయందు బయటపడవచ్చును. ఇందు శకునమేమియు లేదు. ఆ నల్లని పదార్థము ఈకకు బలము గూడ నిచ్చును గనుక తెల్లని ఈక త్వరగా అరుగును. డేగ కంటికి ఆ పక్షి దూరమునుండియే కనబడును. ఇన్ని కష్టములుపడు ప్రాణిని మనమును రాళ్లతో కొట్టనేల?

ఇక రంగు వింత కాకున్నను, సంఖ్య తగ్గి అపురూపమైన పక్షిని గురించి చెప్పవలసియున్నది. అది బట్టమేకపిట్ట. నిలుచున్నచో సుమారు మూడడుగుల యెత్తు. పోతుపిట్ట పదునైదు కిలోల వరకు తూగును. పచ్చికబీళ్లలో మిడుతలను తిని రైతునకు మేలు చేయును. సాధారణముగ ఒక్క గుడ్డునే, అదియు గూడు లేక, నేలమీదనే పెట్టును. దీని రక్షణకై నందికొట్కూరునకు చేరువనున్న రోళ్లపాడులో 1988లో అభయారణ్యము ఏర్పడినది. అయినను బీళ్లు దున్నబడినవి, మెట్టలకు నీరు పారినది, కుక్కలు పెరిగినవి, మింట కరెంటు తీగలు సాగినవి. ఎదుటి తీగను ఈ పక్షి సకాలమున చూడలేక తగిలి చచ్చును. ఒకప్పుడు సులభముగా కనబడిన రోళ్లపాడుననే నేడు దాని జాడ దొరకుట దుర్లభము. దేశమంతటను మిగిలినవి రెండు వందలైనను లేవు.

అయినను నిరాశ వలదు. పొరుగుననున్న కడప జిల్లా కథ వినుడు. జెర్డన్ అను వైద్యుని మూలమున 1848లో కలివికోడి శాస్త్రజ్ఞులకు తెలిసినది. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు. నశించినదనియే తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఊరూర తిరిగి బొమ్మ చూపి విచారించిరి. తుదకు 1986 జనవరిలో సిద్దవటము సమీపమున రెడ్డిపల్లెయొద్ద ఐతన్న యను వేటగాడు రాత్రివేళ ఆ పక్షిని పట్టి తెచ్చెను. పండితులు ఎనుబదియారేండ్లుగా లేదనుకొన్నదానిని పల్లెవాడు చూపెను! కాని పట్టిన ఆ పక్షి కొలదికాలమునకే చనిపోయినది. ఉన్నదని తెలిసిన సంతోషముతోపాటు, చూచుటకు పట్టనక్కరలేదను పాఠమును మనకు మిగిలినది.

కావున పెద్దలారా, నా మనవి యిది. వింతపక్షి కనబడినచో దూరముననే నిలువుడు. తేదీ, వేళ, చోటు, రంగు, ఎన్ని పక్షులున్నవి, ఏమి చేయుచున్నవి అను విషయములు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. నేలపై గుడ్డు కనబడినచో తాకక, కుక్కను వెనుకకు పిలిచి, అటవీశాఖవారికి కబురంపుడు. మీ చిన్ననాట ఏ బీటిలో ఏ పక్షి తిరిగెనో మనుమలకు చెప్పుడు. ఆ జ్ఞాపకము మరి యే గ్రంథమునను లేదు. మీతో అది పోయినచో, పోయినది ఏదో కూడ మనకు తెలియకుండపోవును.