మోటారుకు పెట్టిన మొబైల్ స్టార్టరును మార్చునప్పుడు
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పైరులను గురించి చెప్పవలసినవాడను. ఈ పూట కరెంటు పెట్టెను గురించి చెప్పుటకు నిలబడినందుకు మీలో కొందరికి నవ్వు రావచ్చును. కాని మొక్కజొన్న పూత దశలో నున్నప్పుడు నాలుగు రోజులు నీరు ఆగినచో నష్టపోవునది పైరే గదా! అందుచేత నీటిని విడుచు పెట్టె చెడిపోయినప్పుడు ఏమి చేయవలెనో రైతుకు కొంత తెలిసి యుండుట మంచిదని ఈ విషయమును ఎన్నుకొన్నాను.

మీలో చాలమంది మోటారుకు మొబైల్ స్టార్టరు పెట్టుకొన్నారు. ఇంటినుండి ఫోను చేసినచో మోటారు తిరుగును, మరల చేసినచో ఆగును. రాత్రివేళ గట్లమీద పాముల భయముతో నడువవలసిన బాధ తప్పినది. అయితే ఈ పెట్టె పిడుగుల వల్లను, ఓల్టేజి హెచ్చుతగ్గుల వల్లను, లోపల చేరిన చీమల వల్లను ఎప్పుడో ఒకప్పుడు చెడిపోవును. క్రొత్తది కొనుటకు ముందు సిమ్మును చూడండి. రీచార్జి గడువు తీరి, పెట్టె బాగుండగనే పలుకని సందర్భములు చాల కలవు. 2జి మాత్రమే తెలిసిన పాత పెట్టెలో జియో సిమ్ము పనిచేయదు. పెట్టెను నిందించి లాభము లేదు.

సిమ్ము బాగుండియు పెట్టె పలుకనిచో దానిని మార్చవలసినదే. ముందుగా ఒక్క సంగతి మనస్సున పెట్టుకొనవలెను. మోటారును నడుపునది ఈ పెట్టె కాదు, మీ పాత స్టార్టరే. ఈ పెట్టె మీకు బదులుగా బటన్లు నొక్కు రెండు వ్రేళ్ళ వంటిది. ఒక వ్రేలు పచ్చ బటనుకు, ఒక వ్రేలు ఎర్ర బటనుకు. దానినుండి స్టార్టరులోనికి పోవు రెండు జంటల తీగెలు ఆ రెండు వ్రేళ్ళే.

పచ్చ బటను మామూలుగా తెరచి యుండును, నొక్కినప్పుడు మాత్రమే కలియును. ఒకసారి కలిసిన తరువాత చేయి తీసినను స్టార్టరు తనను తానే పట్టుకొని యుండును. ఎర్ర బటను దీనికి విరుద్ధము. అది మామూలుగా కలిసి యుండి, నొక్కినప్పుడు విడిపోవును. కనుక పెట్టెనుండి వచ్చు మొదటి జంట పచ్చ బటను రెండు కొసలకు ప్రక్క దారి వలె కలుపబడి యుండును. రెండవ జంట ఎర్ర బటను దారిలోనే, గొలుసులో మరియొక కొక్కెము వలె, వరుసగా కలుపబడి యుండును. చూచుటకు మాత్రము రెండు జంటలును ఒక్కటిగనే యుండును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ చిక్కును నేను పుస్తకములో చదివి తెలిసికొనలేదు. మాది నుయ్యి. పంపు, మోటారు వేరువేరుగా నుండి కప్లింగుతో కలిసి యున్నవి. ఒక ఏడు మిరప పూతలో మా పెట్టె చెడినది. క్రొత్తది వచ్చు వరకు బటన్లతో నడుపుకొందమని మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసి, పాత పెట్టెను విప్పినాను. తీగెలకు గుర్తులు వేయలేదు. నాలుగు కొసలు వ్రేలాడుచున్నవి, నాలుగును ఎర్ర తీగెలే. మరల కరెంటు ఇచ్చి పచ్చ బటను నొక్కిన మోటారు కదలలేదు. కాయిలు కాలినదేమో అనుకొన్నాను. నిజమునకు ఎర్ర బటను దారి వ్రేలాడు కొసల దగ్గర తెగియున్నది. కరెంటు తీసి ఒక జంటను కలిపి చూచినాను, లాభము లేకపోయినది. దానిని విప్పకయే రెండవ జంటను కూడ కలిపి, ఫ్యూజులు పెట్టి స్విచ్చి వేసినాను. ఎవరును బటను నొక్కకయే మోటారు లేచినది.

ఆ సమయములో మా నాన్నగారు పంపులో నీళ్ళు పోయుచున్నారు. పైపంచె కొస కప్లింగుకు చుట్టుకొన్నది. ఆయన పంచెను వదలివేసినారు గనుక దక్కినారు. నేను ఎర్ర బటను నొక్కిన మోటారు ఆగుచున్నది, వ్రేలు తీసిన మరల తిరుగుచున్నది. పచ్చ బటను జంటను కలిపి యుంచుట పచ్చ బటనును ఎల్లప్పుడు నొక్కి యుంచుటతో సమానము. చివరకు మెయిన్ స్విచ్చి ఆపినాను. "సంతలో గొడ్లకు కూడ గుర్తు వేస్తారు గదరా, నాలుగు తీగెలకు వేయలేకపోయినావా" అన్నారు ఆయన. అంతకు మించి ఏమియు అనలేదు.

కావున ఈ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేత చేయించుకొనుటయే మేలు. కాని మీరు ప్రక్కన నిలబడి చూడవలెను, అడుగవలెను. పని జరుగునంతసేపు పంపు దగ్గర ఎవరును ఉండరాదు.

కరెంటు సంగతి మొదటిది. త్రీఫేజు వేళ అయిపోయినది గదా అని స్టార్టరులో చేయి పెట్టరాదు. త్రీఫేజు లేని వేళలలో సింగిల్ ఫేజు ఇచ్చు లైన్లు కలవు. ఆ తీగెలలో ప్రాణము తీయునంత కరెంటు ఉండును. మెయిన్ స్విచ్చి ఆపి, మూడు ఫ్యూజులను తీసి, మీ జేబులోనే వేసికొనవలెను. గూటిలో పెట్టినచో మరియొకరు తెచ్చి తగిలించవచ్చును. స్విచ్చికి పై వైపున కరెంటు ఎప్పుడును ఉండునని మరువరాదు. తరువాత టెస్టు ల్యాంపుతో ప్రతి రెండు ఫేజుల నడుమను చూడవలెను. రెండు ఫేజుల నడుమ 415 ఓల్టులు ఉండును గనుక ఒక్క బల్బు పనికిరాదు. ఒకే వాట్ల బల్బులు రెండు వరుసగా కలిపినది కావలెను. ప్రతి ఫేజుకును ఎర్తుకును నడుమ కూడ చూడవలెను. కండెన్సరు ఉన్నచో స్విచ్చి ఆపిన తరువాత కూడ అందులో కరెంటు నిలిచి యుండును. దానిని ఎలక్ట్రీషియనే చూచుకొనవలెను.

పాత తీగెలను విప్పుటకు ముందు ఫోనుతో ఫోటో తీసికొని, ప్రతి కొసకును అంటుకాగితము చుట్టి 'పచ్చ', 'ఎర్ర' అని వ్రాయండి. క్రొత్త పెట్టెలో ఒక్కొక్క రిలేకు మూడు మరలు ఉండవచ్చును: కామన్, ఎన్.ఓ., ఎన్.సి. అని. ఎన్.ఓ. మామూలుగా తెరచి యుండునది, ఎన్.సి. మామూలుగా కలిసి యుండునది. పచ్చ జంట కామన్‌కు, ఎన్.ఓ.కు పోవలెను. ఎర్ర జంట కామన్‌కు, ఎన్.సి.కి పోవలెను. పాత పెట్టెలో ఎడమవైపు నున్నది గదా అని క్రొత్తదానిలోను ఎడమవైపుననే బిగించుట పొరపాటు. కంపెనీ మారినచో మరల వరుస మారును. పెట్టెతో వచ్చిన పటమునే నమ్మవలెను.

కాయిలు మీద ఎన్ని ఓల్టులు వ్రాసియున్నదో కూడ చూడవలెను. రెండు ఫేజుల మీద నడుచు 415 ఓల్టుల కాయిలైనచో రిలే కూడ అంతటికి తగినదై యుండవలెను. 250 ఓల్టులని మాత్రమే వ్రాసిన రిలేను అక్కడ పెట్టినచో దాని కొసలు కాలి అతుకుకొనవచ్చును. అప్పుడు మా పొలములో జరిగినదే మీ పొలములోను జరుగును.

ఫేజులను కనిపెట్టుటకు పెట్టెకు మూడు తీగెలు పోవును. వాటి వరుస తారుమారైనచో కొన్ని పెట్టెలు మోటారు వెనుకకు తిరుగునని తలచి నడువనీయవు. అప్పుడు మార్చవలసినవి ఆ సన్నని తీగెలే గాని మోటారు తీగెలు కావు. మోటారు తీగెలు మార్చినచో పంపు నిజముగనే వెనుకకు తిరుగును. నీళ్ళు లేక పంపు ఉత్తగా తిరుగుటను కనిపెట్టు ఉంగరము ఉన్నచో, క్రొత్త పెట్టెతో వచ్చినదానినే మోటారు ఫేజు ఒకదానికి తొడిగి, నీరు బాగుగ వచ్చుచున్నప్పుడు పెట్టెకు ఆ కరెంటును నేర్పవలెను. ఏరియలును ఇనుప పెట్టెకు వెలుపల ఉంచండి, లోపల సిగ్నలు అందదు.

ఆటో అను ఏర్పాటును గురించి ఒక మాట. దీనివల్ల కరెంటు రాగానే మోటారు తనంతట లేచును. మోటారు లేచునప్పుడు మామూలుకన్న అయిదారు రెట్లు కరెంటు లాగును. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒక్క క్షణమున లేచినచో ఫ్యూజులు పోవుట వింతకాదు. ఆటో తప్పదనుకొన్నవారు ఒకరు 1 నిమిషము, ఒకరు 3 నిమిషములు ఇట్లు ఆలస్యము పెట్టుకొనవలెను. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వమే రైతులను కోరినది. అవసరము లేకున్నను నీటిని తోడివేయునని ఆ భయము. పైరుల మనిషిగా నేను కూడ దానిని మెచ్చను. వరి మడిలో చాలవరకు 2 నుండి 5 సెంటీమీటర్ల నీరు చాలును. ఫోను మోటారును ఆపగలదు గాని మడిలో నీరెంత ఉన్నదో చూడలేదు.

అంతయు బిగించిన తరువాత మొదట బటన్లతో నడిపి చూడవలెను, ఆ తరువాతనే ఫోనుతో. పంపు దగ్గర ఎవరును లేరని కన్నులార చూచుకొని మరీ ఫోను చేయండి. మా నాన్నగారు ఇప్పుడు పంపులో నీళ్ళు పోయుటకు ముందు మెయిన్ స్విచ్చి ఆపి, మూడు ఫ్యూజులు తీసి తువాలులో మూట కట్టుకొందురు.

ఇక్కడ బల్లమీద ఒక పాత స్టార్టరును, రెండు కంపెనీల మొబైల్ పెట్టెలను మూతలు తీసి పెట్టినాము. వాటిలో కరెంటు లేదు. దగ్గరకు వచ్చి పచ్చ జంట ఏదో, ఎర్ర జంట ఏదో మీ చేతులతోనే పట్టుకొని చూడండి.