ఫ్రిజ్ తలుపుకు అతికే దీపాల బొమ్మలు: మా సంఘం అనుభవం



పచ్చళ్లు, జనపనార సంచులు, కుట్టు పని గురించి ఇక్కడ చాలామంది బాగా చెప్పారు. మేము ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అతుక్కొని వెలిగే బొమ్మల గురించి చెప్తాం. "ఇదేం వ్యాపారం, ఫ్రిజ్‌కు లైట్లెందుకు?" అని మా ఇండ్లల్లోనే నవ్విండ్రు. నవ్వనియ్యండి.

మా పది మందిలో ఆరుగురం అపార్ట్‌మెంట్లలో పనికి పోతాం. ఫ్రిజ్ తలుపు తుడిచేది మనమే కదా. ఆ తలుపు మీద సింగపూర్ సింహం ఉంటది, పారిస్ టవర్ ఉంటది, బతుకమ్మ మాత్రం కనపడదు. అందుకే మేము బతుకమ్మ, బోనం, చార్మినార్, దీపావళికి ప్రమిద చేస్తున్నాం. ప్రమిదే ఎక్కువ పోతుంది. వత్తి దగ్గర పసుపు ఎల్‌ఈడీ పెడితే మస్తుగ కనపడుతుంది.

ఎల్‌ఈడీ, బిళ్ల సెల్, అయస్కాంతం మూడూ కలపడం మేము కనిపెట్టింది కాదు. 2006లో అమెరికాలో గ్రాఫిటీ రీసెర్చ్ ల్యాబ్ అనే బృందం వాళ్లు ఈ మూడింటినీ టేపుతో చుట్టి, ఇనుప గోడల మీదికి విసిరితే అతుక్కొని వెలిగేవి. వాళ్లది వీధిలో ఆట. మనది వంటింట్లో పెట్టే వస్తువు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తర్వాత చెప్తాం.

సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. సీఆర్2032 అనే బిళ్ల సెల్ మూడు వోల్టులది, దీనితో షాక్ కొట్టదు. ఎల్‌ఈడీకి రెండు కాళ్లు ఉంటాయి. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. కొన్న ప్రతి ఎల్‌ఈడీని ముందు సెల్‌కు ఆనించి ఒక్క క్షణం వెలిగించి చూడాలి. అన్నీ అతికించినాక వెలగకపోతే ఆ రోజు పని దండగే.

రంగుల దగ్గర ఒక మర్మం ఉంది. తెలుపు, నీలం ఎల్‌ఈడీలకు సుమారు మూడు వోల్టులు కావాలి. ఎరుపు, పసుపు వాటికి రెండు చాలు. బతుకమ్మకు అన్ని రంగులూ కావాలి కదా అని ఎరుపు, నీలం కలిపి ఒకే సెల్‌కు తగిలిస్తే ఎరుపే వెలుగుతుంది, నీలం మసకబారుతుంది లేదా అసలే వెలగదు. ఎరుపు, పసుపు ఒక్కోదానికి 220 ఓమ్‌ల రెసిస్టర్ విడిగా పెడితే అన్నీ వెలుగుతాయి. రెసిస్టర్ ఖరీదు పెద్ద లెక్కలోది కాదు. సెల్ శక్తి సుమారు 220 మిల్లీ యాంపియర్ గంటలు. ఒక ఎల్‌ఈడీ 5 మిల్లీ యాంపియర్లు తీసుకుంటే లెక్క ప్రకారం 40 గంటలు పైన వెలగాలి, నాలుగు పెడితే పది గంటలే. అందుకే స్విచ్ లేకుండా అమ్మొద్దు. రాత్రంతా వెలిగి మర్నాటికి ఆరిపోతే కొన్నామె మళ్లీ మన దగ్గరికి రాదు.

అయస్కాంతం సంగతి. చిన్నగా వెండిలా మెరిసే నియోడిమియం బిళ్లలు గట్టిగా పట్టుకుంటాయి. మామూలు రకం 80 డిగ్రీల వేడి దాటితే బలం తగ్గుతుంది. కాబట్టి గ్లూ గన్ వద్దు, అరాల్డైట్‌తో అతికించి రాత్రంతా వదిలెయ్యాలి. బొమ్మ ఊడిపడదు గానీ నున్నటి తలుపు మీద మెల్లగా కిందికి జారుతుంది. వెనక పలుచటి రబ్బరు షీటు అతికిస్తే జారదు. మందం రబ్బరు పెడితే మాత్రం అయస్కాంతం పట్టు పోతుంది. ఇంకో మాట, అన్ని ఫ్రిజ్‌లకూ ఇది అంటదు. అద్దం తలుపులకు, కొన్ని స్టీలు తలుపులకు అయస్కాంతం పట్టదు. అమ్మేటప్పుడు ఒక ఉత్త అయస్కాంతం కూడా చేతిలో పెట్టి "ఇంట్లో ఆనించి చూడండమ్మా" అని చెప్పాలి. ఫ్రిజ్ పక్క వైపు, బీరువాకు అయితే దాదాపు పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ బిళ్ల సెల్ 20 మిల్లీమీటర్లు ఉంటుంది. చంటిపిల్ల మింగితే సరిగ్గా అన్నవాహికలో ఇరుక్కునే సైజు. అక్కడ తడి తగిలి రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. ఒకటికి రెండు అయస్కాంతాలు మింగితే, కడుపులో పేగుల గోడలను మధ్యలో పెట్టుకొని అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకు రంధ్రం పడుతుంది. అమెరికాలో టెక్సాస్‌లో రీస్ అనే ఏడాదిన్నర పాప ఇట్లాంటి సెల్ మింగి 2020లో చనిపోయింది. వాళ్లమ్మ కొట్లాడితే 2022లో ఆ పాప పేరు మీదనే చట్టం వచ్చింది. సెల్ ఉండే అర పిల్లల చేతికి సులువుగా తెరుచుకోకూడదని ఆ చట్టం.

ఫ్రిజ్ తలుపు కింది భాగం ఎవరికి అందుతుంది? పాకే పిల్లకే. మెరిసేదాన్ని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా ఉంటరా? అందుకని మేము మొదటి ముక్క నుంచీ స్క్రూ మూత ఉన్న హోల్డరే వాడుతున్నాం. అయస్కాంతాలను చెక్కలో గుంత చేసి దించి, పైన ఆ రబ్బరు షీటుతో మూసేస్తాం. పొరపాటున ఎవరైనా మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, 108కి ఫోన్ చేసి వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అయిపోయిన సెల్‌లో కూడా కాల్చే శక్తి మిగిలే ఉంటుంది. రెండు వైపులా టేపు అంటించి విడిగా దాచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

ఈ స్క్రూ మూత మీదనే మా సంఘంలో గొడవ అయింది. దీపావళికి ముందు ఒక దుకాణం వాళ్లు వంద ముక్కలు అడిగిండ్రు. "ఆ మూత ఎందుకమ్మా, టేపు చుట్టి ఇవ్వండి, రేటు తగ్గించండి" అన్నారు. మూత ఉన్న హోల్డర్‌కు మాకు ముక్కకు 20 రూపాయలు ఎక్కువ పడుతుంది. మాలో ఒక చెల్లె లేచి, "వంద ముక్కలకు రెండు వేలక్కా, మా బిడ్డ స్కూలు ఆటోకు సరిపోతయి. కొనేటోళ్లకు లేని బాధ మనకెందుకు?" అన్నది. ఆమె అన్నది తప్పని మేము అనలేదు, ఆ రెండు వేలు ఆమెకు నిజంగానే అవసరం. కానీ ఆ ఇండ్లల్లో పిల్లల్ని ఎత్తుకునేది కూడా మనలో ఉన్నవాళ్లే. రాత్రి తొమ్మిది దాకా మాట్లాడి, టేపుతో ఇవ్వమని తీర్మానం రాశాం. ఆ ఆర్డర్ పోయింది. ఆ చెల్లె కూడా సంతకం పెట్టింది, కానీ వారం దినాలు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె ఆటో డబ్బులకు పొదుపు నుంచి అంతర్గత అప్పు ఇచ్చాం.

తర్వాత ఒక అపార్ట్‌మెంట్ మేళాలో స్టాల్ పెట్టి, స్క్రూ విప్పి చూపించి, ఎందుకో చెప్పి అమ్మాం. పిల్లలున్న తల్లులు ధర బేరం తక్కువ చేశారు. వంద ముక్కలైతే అమ్ముడుపోలేదు, ఉన్నమాట చెప్పాలి.

నేర్చుకోవాలనుకునే సంఘాల నుంచి ఇద్దరు చొప్పున పేర్లు ఆర్పీ అక్కకు ఇవ్వండి. వచ్చేటప్పుడు చిన్న స్క్రూడ్రైవర్, కత్తెర తెచ్చుకోండి. చంటిపిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఎవరి దగ్గరైనా వదిలి రండి. సెల్లులు, అయస్కాంతాలు మేము లెక్కపెట్టి ఇస్తాం, పోయేటప్పుడు లెక్కపెట్టి తీసుకుంటాం.