లక్షణం కంటే ముందే చూడండి



నేడు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మన ఊళ్లోని అశోక్ చౌక్, కన్నా చౌక్ గల్లీల్లో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య పాఠాలు చదువుకున్నవాళ్లు మీరు. చద్దరు మీద పువ్వు ఎలా పడుతుందో మీకు తెలుసు. జకార్డ్ అట్టల్లోని చిల్లులను బట్టి కొన్ని పడుగు పోగులు లేస్తాయి, కొన్ని కిందే ఉండిపోతాయి. కణంలోని జన్యువులూ అంతే. చర్మానికీ మెదడుకీ ఉన్నవి అవే జన్యువులు. ఏది ఎంత పనిచేస్తోందన్నదే తేడా. దాన్నే జన్యు వ్యక్తీకరణ అంటాం.

జబ్బు చేస్తే ఈ వ్యక్తీకరణ మారుతుంది. ప్రియాన్ వ్యాధినే తీసుకోండి. అందులో మన ఒంట్లోని ప్రోటీన్ ఒకటి మడత తప్పి, పక్కనున్న మంచి ప్రోటీన్లనూ తనలా మార్చేస్తుంది. ఆ మడత తప్పిన ప్రోటీనే ప్రియాన్. 1982లో శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ ఈ మాటంటే చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనుషుల్లో ప్రియాన్ వ్యాధి ముఖ్యరూపం క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి. ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది. జ్ఞాపకం, నడక, మాట నెలల్లోనే పోతాయి. నయం చేసే మందు లేదు.

2009లో శాస్త్రవేత్తలు లీరాయ్ హుడ్, జార్జ్ కార్ల్‌సన్ల బృందం ప్రియాన్ సోకిన ఎలుకల మెదళ్లను విడతలవారీగా పరిశీలించి, ఈ వ్యాధికి కీలకమైన 333 జన్యువుల వ్యక్తీకరణలో మార్పులు గుర్తించింది. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా, నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు ముందే రేగాయి. అప్పటికి ఎలుకలో పైకి ఏ జబ్బూ కనిపించలేదు. లక్షణం బయటపడేనాటికి లోపల నష్టం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

మనుషుల మెదడులో ఇలాంటివి తెలియాలంటే కణజాలం కావాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో డాక్టర్ ఎస్.కె.శంకర్ 1995లో నెలకొల్పిన బ్రెయిన్ బ్యాంకు, పుట్టెడు దుఃఖంలోనూ సరేనన్న కుటుంబాల దానంతో నడుస్తోంది. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

ఇక మీ వంతు. మన పేటల్లో పెద్దలకు మతి తప్పితే వయసు మీద పడిందని వదిలేస్తాం. వారాల్లోనే ముదురుతుంటే వదలకండి, న్యూరాలజిస్టుకు చూపించండి. అలా ముదిరేవాటిలో కొన్ని మందులకు లొంగుతాయి. ప్రియాన్ వ్యాధే అని తేలితే, ముట్టుకుంటే అంటుకోదని ఇంటివాళ్లకు చెప్పి రోగి పక్కన కూర్చోబెట్టండి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, పరికరాలను మామూలుగా శుద్ధి చేస్తే ప్రియాన్ నశించదు.

మందు లేని జబ్బు దగ్గర కూడా చదువుకున్నవాళ్లకు చేతినిండా పని ఉంటుంది. ఆ పనికి మీరు తగినవాళ్లని నా నమ్మకం.